పట్టుగౌను రాణి, టీ ట్రే లార్డు

టొరంటో పక్కనున్న వాన్ ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే అమరేశ్వరరావు టొరంటో మ్యూజియంలో ఒక పటం ముందు అరగంట నిలబడిపోయాడు. జార్జి రాజుల కాలంనాటి ఇంగ్లండు ప్రభువు బొమ్మ అది. తెల్లటి విగ్గు, వెల్వెట్ కోటు, కోటులోకి దూర్చిన ఒక చెయ్యి, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. కొత్తింటి హాల్లో తనకూ అలాంటి పటం ఉండాల్సిందేనని ఆయన అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు.

ఆ దగ్గర్లోనే ఏజాక్స్ అనే ఊళ్లో ఉండే ఏనీకి మనుషుల బొమ్మలు వెయ్యడమే వృత్తి. కాకినాడ అమ్మాయి. పటం పని ఆయన ఆమెకే అప్పగించాడు. ఆయనకు విగ్గు, కోటు, ఆయన భార్య శ్యామలకు నీలం పట్టుగౌను ఒక నాటకాల కంపెనీ నుంచి అద్దెకు తెచ్చింది.

"నేను కుర్చీలో కూర్చుంటా. శ్యామల వెనక నిలబడుతుంది" అన్నాడు అమరేశ్వరరావు.

"అలాగే అంకుల్. కానీ కదలకూడదు. ఆ రోజుల్లో ఏ పనీ లేకుండా కూర్చోవడమే గొప్పవాళ్ల దర్జా."

ఐదు నిమిషాలకే ఫోన్ మోగింది. ఆయన లేచాడు. వచ్చి కూర్చుంటే విగ్గు కింద దురద. మళ్లీ ఫోన్. ఆయన మూడోసారి లేచేసరికి, ఇరవై ఏళ్లుగా వేర్‌హౌస్‌లో నిలబడి పనిచేస్తున్న శ్యామల ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు.

"అది నా సీటు!"

"కాళ్లు లాగేస్తున్నాయండీ. మీరెలాగూ లేచే ఉన్నారుగా, కాస్త టీ పెట్టి తేండి."

"నాక్కూడా అంకుల్, షుగర్ తక్కువ" అంది ఏనీ, కుంచె ఆపకుండానే.

నాలుగు ఆదివారాలు ఇదే వరస. పూర్తయ్యేదాకా చూడకూడదని ఏనీ షరతు పెట్టింది. శ్యామలకు మాత్రం చాటుగా ఒకసారి చూపించింది. ఆవిడ గౌను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది.

గృహప్రవేశం రోజు అందరి ముందూ గుడ్డ తీశారు. కుర్చీలో రాణిలా శ్యామల. ఆమె వెనక, పక్కకి జారిన విగ్గుతో, టీ ట్రే పట్టుకుని వంగి నిలబడ్డ అమరేశ్వరరావు.

"ఇదేంటమ్మా ఏనీ!" అన్నాడాయన నీరసంగా.

"మీరు కూర్చుంటేగా అంకుల్!"

స్నేహితుడు శేషగిరి కళ్లజోడు సవరించుకుని పటం దగ్గరికెళ్లాడు. "రాణిగారు మన శ్యామలగారే. మరి ఈ నౌకరెవరోయ్?"

అమరేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. అయితే అగ్గిపెట్టెంత గదిని 'హాయిగా ఉంటుందండీ' అని అమ్మగల మనిషాయన.

"నౌకరేంటయ్యా, అది నేనే! భార్యకి స్వయంగా టీ అందించే తీరిక ఆ కాలంలో లార్డులకే ఉండేది. మామూలోళ్లకి కుదిరేదా?"

శేషగిరి భార్య కమలకుమారి భర్త వైపు తిరిగింది. "విన్నారుగా? ఏనీ, మాకూ ఇలాంటిదే వెయ్యమ్మా."

"నాకు టీ పెట్టడం రాదే!" అన్నాడు శేషగిరి కంగారుగా.

అమరేశ్వరరావు అతని భుజమ్మీద చెయ్యేసి వంటింటివైపు నడిపించాడు. "పద, లార్డుగారూ. ముందు అల్లం దంచడం నేర్పిస్తా."