అమ్మ పక్కన చోటు

మా నాన్న షన్షూల్ నజఫ్ శ్మశానంలో యాభై ఏళ్లు గోరీలు తవ్వాడు. ఇమాము సమాధి నీడలో పడుకోవాలని బస్రా నుంచి, తబ్రీజు నుంచి, లక్నో నుంచి కూడా శవాలు మా దగ్గరికి వచ్చేవి. ఊళ్లో జరిగిన ప్రతి తిరుగుబాటునూ నాన్న గోరీల వరుసలతోనే గుర్తు పెట్టుకున్నాడు.

"ఇది మా తాత కాలంలో ఎడారి దండు మీదికొచ్చినప్పటి వరస. ఇది మన పేటలవాళ్లే రెండు ముఠాలై కాల్చుకున్నప్పటిది. అది టర్కీవాళ్లని తరిమినప్పటిది. మూడేళ్లయినా ఇంకా మట్టి కుదురుకోలేదు చూడు," అనేవాడు.

అమ్మ పోయినప్పుడు ఆమె పక్కన తన కోసం చోటు వదిలి, నాలుగు మూలలా రాళ్లు పాతుకున్నాడు.

టర్కీవాళ్లు పోయిన మూడో ఏటి వసంతంలో, వాళ్ల తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ల మీద ఊరు మళ్లీ తిరగబడింది. పేట కుర్రాళ్లు కొందరు ఒక ఇంగ్లీషు అధికారిని చంపారు. ఇంగ్లీషు దండు వచ్చి ఊరి చుట్టూ ముళ్లకంచె వేసింది. నీళ్లు ఆపింది. చంపినవాళ్లను అప్పగించేదాకా చీమ కూడా బయటికి రాకూడదన్నారు. శ్మశానం ఊరి గోడకు, కంచెకు అవతలే ఉంది. మా మిద్దె ఎక్కితే కనిపిస్తుంది.

పంతొమ్మిదో రోజు పొద్దున జ్వరంతో నాన్న పోయాడు. నేలమాళిగ బావిలోని ఉప్పునీళ్లతోనే ఆయనకు స్నానం చేయించాం. నా భార్య ఫిద్దా కఫను గుడ్డ చుట్టి, "ఇప్పుడెట్టా తీసుకెళ్తావయ్యా?" అంది.

పేట పెద్ద దగ్గరికి వెళ్లి, దండువాళ్లని అడిగి శవాన్ని బయటికి తీసుకెళ్తానన్నాను. తుపాకి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊరి ద్వారం దగ్గరికెళ్లి వాళ్లని బతిమాలుతావా? మన పరువేం కావాలి?" అన్నాడు.

"పరువు మీరు చూసుకోండన్నా. నేను మా నాన్నని పూడ్చుకుంటాను."

"ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టు ముహ్సిన్. ఎడారి తెగలవాళ్లు మనకి సాయం వస్తున్నారు."

"శవం ఓపిక పట్టదన్నా," అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

అయినా ద్వారం దగ్గరికి వెళ్లాను. ఇసుక బస్తాల వెనక నుంచి దండు దుబాసీ అరిచాడు. "దొరని చంపినవాళ్లని పట్టుకురా. నీ తండ్రిని నేనే మోయిస్తా."

"వాళ్లెక్కడున్నారో నాకు తెలిస్తేగా."

"అందరూ ఇదే మాట. పో, పో."

ఇవతలివాళ్లకు నేను పిరికివాణ్ణి, అవతలివాళ్లకు దొంగని. ఇంటికొచ్చి గడ్డపార గోడకేసి కొట్టాను. ఊరందరి చావులకూ చోటు చూపినవాడికి చోటు లేదు. మా వీధి ముల్లాగారు వచ్చి, అమానతుగా, అంటే పూడ్చకుండా అప్పగింతగా, ఇంట్లోనే ఉంచి, దారి తెరిచాక తరలించవచ్చని చెప్పారు. నేలమాళిగలో బావికి దూరంగా గోడకట్టి నాన్నను దాచాను. ఆ పైన ఇరవై ఎనిమిది రోజులు ఆ బావి నీళ్లే తాగాం. నీళ్లు తోడడానికి దిగినప్పుడల్లా ఆ గోడ వైపు చూడకుండా పైకి వచ్చేవాణ్ణి.

దండు అడిగినవాళ్లను ఊరివాళ్లు పట్టిచ్చాక కంచె తీశారు. తెగలవాళ్లు రానేలేదు.

నలుగురం నాన్నను మోసుకుని శ్మశానానికి వెళ్లాం. అమ్మ పక్కన అప్పుడే పూడ్చిన గోరీ ఉంది. మూల రాళ్లు పీకి పక్కన పడేసి ఉన్నాయి. మా చిన్నాన్న కొడుకు హమ్మూద్ తల వంచుకుని వచ్చాడు. వాడూ మాతో గోరీలు తవ్వేవాడే; ద్వారం మూసినప్పుడు బయట చిక్కుబడిపోయాడు.

"ఎవర్రా ఇది?"

"షీరాజు వ్యాపారి అన్నా. ఆరు శవాలు ఒకేసారి వచ్చాయి, కుళ్లిపోతున్నాయి. తవ్వడానికి నేనొక్కణ్ణే. ఇక్కడ మట్టి మెత్తన, తొందరగా తవ్వొచ్చని..."

"పెదనాన్న చోటని తెలీదా?"

"తెలుసు. పెదనాన్న పోయాడని తెలీదు. ఆయన బతికే ఉంటాడనుకున్నా అన్నా. ఆయన ఎప్పుడూ పోడని..."

కొట్టడానికి చెయ్యెత్తాను. మోసుకొచ్చిన పాడె పక్కనే ఉంది. చెయ్యి దించేశాను. పూడ్చినవాణ్ణి కదపకూడదు. ఆ షీరాజువాడికి మా గొడవేం తెలుసు?

అమ్మ కాళ్ల దగ్గర తవ్వడం మొదలుపెట్టాను. మూరెడు లోతుకే రాయి తగిలింది. గడ్డపార నిప్పులు రాల్చింది. హమ్మూద్ అడక్కుండానే అవతలి చివర నుంచి తవ్వసాగాడు. నేను వద్దనలేదు. మధ్యాహ్నానికి నాన్న ఎలాగో పట్టేంత గొయ్యి అయింది. కాళ్లు కొంచెం ముడిచి పడుకోబెట్టాల్సి వచ్చింది.

మట్టి సర్దుతుంటే దీవానియా నుంచి రెండు శవాలతో ఒక కుటుంబం వచ్చింది.

"షన్షూల్ గారెవరయ్యా? ఆయన చేతే తవ్వించమని మా పెద్దాయన చెప్పి పోయాడు," అన్నాడు వాళ్లలో ముసలాయన.

"నేనాయన కొడుకుని," అన్నాను. "కాసేపు నీడన కూర్చోండి. చేతులు కడుక్కుని వస్తాను."