వలయం మధ్య ఉలి

మా నాన్న నూకరాజుకి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఏ బోల్టు ఎవడు సరిగా బిగించలేదో చూసి చూసి, ఇంట్లో మనుషుల్ని కూడా అదే కంటితో చూసేవాడు. ఎనభై ఆరో సంవత్సరం చలికాలమంతా ఆ చూపు నామీదే ఉంది.

"పంతులమ్మ ట్రైనింగు సదివితే మోకాలు దోక్కుపోద్దేటే?" అన్నాడొకరోజు అన్నం కలుపుకుంటూ.

"మెట్ల మీద జారి పడిపోనాను నాన్నా."

"మరి మొకం అలా నల్లబడిపోనాదేటి? మీ కాలేజీకి పైకప్పు నేదా?"

అమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది గానీ తల వంచుకుని తినేశాను.

నేను చదివేది పంతులమ్మ ట్రైనింగే. కాకపోతే ఆటలు నేర్పే పంతులమ్మ. రెండేళ్ల కాలేజీ, రోజూ బస్సులో వెళ్లి రావాలి. పరుగు, కబడ్డీ, డ్రిల్లు, ఎముకల పాఠం, కండరాల పాఠం. ఆటల ముక్క మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్తాను? స్కూల్లో ఉండగా సుభాష్‌పల్లి మైదానంలో పరుగుపందెం గెలిచానని నేను ఎగురుతుంటే, గట్టు మీద కుర్రాళ్లు ఈలలు వేశారని నాన్న నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు. ఇంకోసారి గ్రౌండు మాట ఎత్తితే చదువే మాన్పించేస్తానన్నాడు. ఈలలు వేసిన వాళ్లని ఒక్క మాట అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అందుకే నా సంచిలో టిఫిన్ డబ్బా కింద ట్రాక్ ప్యాంటు మడత పెట్టుకుని రెండో ఏడాది దాకా లాక్కొచ్చాను.

ఆఖరి పరీక్షలో గ్రౌండు మార్కింగ్ ఉంటుంది. వట్టి నేల మీద ఏ ఆట గీతలు అడిగితే అవి సున్నంతో కొలత తప్పకుండా గియ్యాలి. మా బెంగాలీ మాస్టారు ఠీక్ హై అనేదాకా చెరిపి మళ్లీ గియ్యడమే. వలయం గియ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకరు తాడు కొస పట్టుకుని మధ్యలో నిలబడితే, రెండోవారు చుట్టూ తిరుగుతూ సున్నం పోస్తారు. దొంగచాటు చదువుకి రెండో మనిషిని ఎక్కణ్నుంచి తేను? నాన్న పనిముట్ల పెట్టెలో అడుగున పడున్న అరిగిపోయిన ఉలి తీసుకుని, దాన్ని నేలలో దిగ్గొట్టి, తాడు కట్టేదాన్ని. క్వార్టర్లకి వెల్ల వెయ్యగా మిగిలిన సున్నం ఉండనే ఉంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా క్వార్టర్ల వరస వెనకాల ఖాళీ జాగాకి పొగమంచులోనే వెళ్లి, గీసి, చూసుకుని, కాళ్లతో చెరిపేసి వచ్చేదాన్ని.

చూసిన మనిషి అప్పలనర్సమ్మ ఒక్కతే. మా వరసలోనే ఉండే జగ్గారావు క్వార్టరు వెనక ఔట్‌హౌస్ గదిలో ఉండే ముసలామె. మొగుడు పోయాడు, కొడుకు నిమ్‌పురా వైపు కాపురం పెట్టి ఇటు రావడం మానేశాడు. పిడకలు అమ్ముకునేది. పిల్లలకి దిష్టి తీసేది. తీయడం తెలిసినవాళ్లకి పెట్టడం కూడా తెలిసే ఉంటుందని, అవసరం తీరాక అందరూ చెవులు కొరుక్కునేవారు.

"ఏటి గీస్తన్నావే గుంటా?" అని అడిగింది మొదటిసారి చూసినప్పుడు.

"పరీక్షకి మామ్మా. ఇనప గుండు విసిరే చోటు ఇది. మా నాన్నకి సెప్పకు."

"నాకెందుకే," అని పేడతట్ట నెత్తిన పెట్టుకుని పోయింది.

సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున గీత ముగించేసరికి కుళాయి దగ్గర బిందె చప్పుడైంది. తాడూ, సున్నం డబ్బా ఎత్తుకుని పరిగెత్తాను. వలయం చెరపలేదు. ఉలి పీకలేదు.

కాలేజీకి బయల్దేరి వచ్చేసరికి అక్కడ జనం. తెల్లటి వలయం, నడిమధ్య ఇనుము, వలయంలోంచి విచ్చుకుంటూ బయల్దేరిన రెండు గీతలు. గుండు పడాల్సిన హద్దులవి. నా ఖర్మకొద్దీ సరిగ్గా మా వరసలోని దాలమ్మ గుమ్మం వైపు వెళ్లాయి. దాలమ్మ కొడుకు ముందురోజు నుంచీ జ్వరంతో మూలుగుతున్నాడు. శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ వచ్చి చేరిన మావాళ్లకి ఇంక చెప్పేదేముంది?

"సిల్లంగి ఎట్టీసినారు," అంది దాలమ్మ గుండెలు బాదుకుంటూ.

చిల్లంగి అంటే చేతబడి. మా వైపు ఊళ్లలో ఆ మాట పడ్డ మనిషికి పళ్లు రాలగొట్టేవారని మేమంతా వింటూ పెరిగినవాళ్లమే.

"పొద్దున్నే ఇక్కడెవల్ని సూసినావు?" అన్నాడు జగ్గారావు దాలమ్మతో.

"ముసిల్దాన్నే. తట్టట్టుకుని ఈడే నిలబడ్డాది."

అందరూ అప్పలనర్సమ్మ వైపు తిరిగారు. ఆమె నా వైపు ఒకసారి చూసి కళ్లు దించుకుంది. నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఆ ఇనుము దగ్గరికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం లేదు. చివరికి మా నాన్న వెళ్లాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని పీకాడు. దాని తల మీద మూడు చుక్కలుంటాయి. తన పనిముట్లన్నిటి మీదా ఆయన కొట్టుకునే గుర్తు అది. తిప్పి చూశాడు. జేబులో వేసుకున్నాడు. తలెత్తి తిన్నగా నా మొహంలోకి చూశాడు. అంతలో వర్క్‌షాపు సైరన్ మోగింది.

"సాయంత్రం డూటీ నుంచి మేం వొచ్చీసరికి గది కాళీ సేసెయ్యాల," అని జగ్గారావు ముసలామెకి చెప్పి సైకిలెక్కాడు. నాన్న కూడా ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. ఎప్పుడూ ఆయన నన్ను అనుమానించేవాడు, ఆ రోజంతా నేను ఆయన్ని అనుమానించాను. తెలిసి ఎందుకు ఊరుకున్నాడు? ముసలామె వెళ్లిపోతే మాట అక్కడితో సద్దుమణుగుతుందనా? నన్ను ఇంట్లో పెట్టి తాళం వేద్దామనా? ఏం తోచక అప్పలనర్సమ్మ గదికి వెళ్లాను. గిన్నెలు మూట కడుతోంది.

"గీసినది నానేనని ఎందుకు సెప్పనేదు మామ్మా?"

"సెప్తే నీ సదువు పోద్ది. నాకేటే, ఏ రేకు కిందైనా పడుంటాను."

నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటకి మాత్రం నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మళ్లీ అందరూ పోగయ్యారు. నాన్న కూడా సైకిలు పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. ముసలామె మూటతో బయటికి రాగానే నేను ముందుకు వచ్చాను. "అది గీసినది నాను," అన్నాను. గ్రౌండూ, గుండూ, రెండేళ్ల కోర్సూ అన్నీ చెప్పేశాను. నాన్న వైపు చూడలేదు.

జగ్గారావు నమ్మలేదు. "ముసిల్దాని మీద జాలితో సెప్తన్నావు. పంతులమ్మ సదువులో మేకులు దింపుతారేటి?"

"తాడట్టుకోడానికి నాకు మనిసి నేక దింపినాను."

"అయితే మా ముందు గియ్యి."

తాడూ సున్నం తెచ్చాను. పొద్దుటి వలయం మధ్యలో ఎవరైనా నిలబడండి అన్నాను. ఒక్కరు కదల్లేదు. దాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు అప్పలనర్సమ్మ మూట కింద పెట్టి, వచ్చి, తాడు కొస పట్టుకుంది.

"సూసినారా, ఇద్దరూ కలిసే సేసినారు," అన్నారెవరో. ఆమెని కాపాడబోయి ఇద్దరినీ కలిపి ఇరికించేశాను.

అప్పుడు నాన్న సైకిలు స్టాండు వేశాడు. జేబులోంచి ఉలి తీసి అందరికీ చూపించాడు.

"ఇది నాది. ఈ సుక్కలు నాను కొట్టినవే. పొద్దున్నే గుర్తట్టినాను."

"మరి అప్పుడే సెప్పనేదేటి?" అన్నాడు జగ్గారావు.

నాన్న తల వంచుకున్నాడు. "కూతురి పేరు బయటికొస్తాదని భయపడినాను. ముసిల్ది పోతే పోనీ అనుకున్నాను," అన్నాడు.

అంతమందిలో ఆయన తలవంచుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన జోళ్లు విడిచి, పొద్దుటి వలయం చెరగకుండా ఉన్న చోట అంచు దగ్గర ఆగాడు. చిల్లంగంటే ఆయనకీ భయమే. అయినా లోపలికి అడుగు వేశాడు.

"నువ్వెల్లి మూటిప్పి సామాను మళ్లీ గదిలో సర్దుకో అత్తా," అని ముసలామె చేతిలోంచి తాడు తీసుకున్నాడు. "గియ్యి," అన్నాడు నాతో.

గీశాను. తాడు బిగుసుకునే ఉంది, ఎక్కడా వదులు కాలేదు. గీత మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసింది. జగ్గారావు గది సంగతి ఇంక ఎత్తలేదు. దాలమ్మ ఇంటికి పోయి గుమ్మం పసుపునీళ్లతో కడుక్కుంది. ఆమె అనుమానం ఆమెకి ఉండనే ఉంది.

అందరూ వెళ్లాక కూడా నాన్న వలయం మధ్యలోనే నిలబడి ఉన్నాడు.

"ఆ గుండు నువ్వు ఇసరగలవేటే?"

"కాలేజీలో నానే ఫస్టు నాన్నా."

ఆయన తాడు చుట్టచుట్టి నా చేతికిచ్చాడు. ఉలి మాత్రం ఇవ్వలేదు, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"రేపట్నించి దీన్ని ముట్టుకోకు," అన్నాడు. "నన్ను లేపు."