మేడెక్కిన లాండ్రీ

సముద్రం ఏటేటా కొంచెం కొంచెంగా పైకొస్తోంది కాబట్టి, ముందుముందు ఏ వీధిలోకి, ఏ గడపలోకి నీళ్ళు వస్తాయో కొలిచి చెప్పడం ఇంజనీరమ్మ ఉద్యోగం. ఆ మాట చెప్పినందుకు ఆమెను కూర్చోమన్నవాళ్ళు తక్కువ. కొలతకర్ర భుజాన వేసుకుని సందు మొదట్లో కనబడితే చాలు, జనం తలుపులు వేసుకునేవారు. ఇంట్లో వదిన ఆమెకు ‘వరదమ్మ’ అని పేరు పెట్టింది. ఆ పిలుపు వినబడినప్పుడల్లా అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు.

ఈసారి ఆమెకు సముద్రానికి రెండు వీధుల ఇవతలున్న ఆసుపత్రిని అప్పజెప్పారు. ఆ ఆసుపత్రి నేలమాళిగలో లాండ్రీ నడిపేది సాక్షాత్తూ వదినే.

“మా జోలికి మాత్రం రాకు,” అంది వదిన కంచాలు పెడుతూ. “కిటికీల్లేకపోతేనేం, అక్కడ నేను మహారాణిని. ఆవిరికి, బ్లీచింగు వాసనకి భయపడి పైవాళ్ళు ఒక్కరూ మెట్లు దిగరు.”

“నీళ్ళకి ఆ భయం ఉండదు వదినా.”

“చూశారా మీ చెల్లెల్ని? అన్నం దగ్గర కూడా వరదే.”

మర్నాడు ఇంజనీరమ్మ రేవు గోడ మీది పోటు గుర్తు దగ్గర మొదలుపెట్టి, వీధులన్నీ కొలుచుకుంటూ ఆసుపత్రి దాకా వచ్చింది. సూపరింటెండెంటు గారు ఎదురొచ్చారు. మనిషి మంచివాడే గానీ, ఆసుపత్రిని ఎవరైనా వేలెత్తి చూపితే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ముందు గుమ్మం ఎత్తు చూపించి, “సముద్రం ఇన్ని మెట్లెక్కి వస్తుందంటారా మేడమ్?” అన్నారు.

“ఎక్కక్కర్లేదండీ. పోటు మీదున్న రోజు గట్టి వాన పడితే కాలవల్లో నీళ్ళు సముద్రంలోకి పోలేక వెనక్కి తంతాయి. సముద్రం పెరిగేకొద్దీ అలాంటి రోజులూ పెరుగుతాయి. ఆ నీళ్ళు మీ వెనక వాకిట్లోకే వస్తాయి.”

“వెనక వాకిలి చదునుగానే ఉంది కదా.”

కంటికి చదునే. ఇక మాటలతో పని జరగదని, ఇంజనీరమ్మ తోటమాలిని అడిగి బకెట్టు నీళ్ళు తెప్పించి ఆయన చేతికిచ్చింది. “వెనక గేటు దగ్గర మీరే పొయ్యండి.”

ఆయన పోశారు. నీళ్ళు ఒక్క క్షణం అటా ఇటా అన్నట్టు ఆగాయి. తర్వాత తిన్నగా వాకిలి దాటి, ట్రాలీలు దిగే వాలు మీదుగా జారి, లాండ్రీ తలుపు కింద నుంచి లోపలికి దూరిపోయాయి.

“ఎవర్రా అది? ఇప్పుడే తుడిచిన నేల మీదికి మురికినీళ్ళు వదిలింది ఎవరు? కళ్ళు నెత్తికెక్కాయా?”

తుడుపుకర్ర పట్టుకుని వదిన ఊడిపడింది. ఎదురుగా ఖాళీ బకెట్టుతో సూపరింటెండెంటు. వదిన తుడుపుకర్ర దించేసింది. ఆయన బకెట్టు వెనక్కి దాచబోయి, కుదరక, “నేనేనమ్మా,” అన్నారు.

ఆ వెంటనే, మొట్టమొదటిసారి, ఆయన ఆ వాలు దిగి లోపలికి వెళ్ళారు. పట్టపగలు వెలుగుతున్న ట్యూబులైట్లు, చెమ్మ పట్టి పెచ్చులూడుతున్న గోడలు, ఆవిరిలో చెమటలు కక్కుతున్న ఆడవాళ్ళు. “ఈ గోడ అవతల ఏముంది?” అని అడిగారు.

“జనరేటరండీ,” అంది ఇంజనీరమ్మ.

ఆయన తడిసిన నేలనీ, ఆ గోడనీ మార్చి మార్చి చూశారు.

జనరేటరుకు బయట ఎత్తైన దిమ్మె కట్టాలనీ, లాండ్రీ పైకి మార్చాలనీ ఇంజనీరమ్మ రాసింది. కానీ బట్టలుతికే యంత్రాల బరువు మోయగల నేల పై అంతస్తులో ఒక్క మీటింగు హాలుకే ఉంది, ఒకప్పుడు పెద్ద ఎక్స్‌రే యంత్రాల కోసం వేసింది. ఆ హాలంటే సూపరింటెండెంటుకు ప్రాణం. కొన్నాళ్ళు ముఖం ముడుచుకుని తిరిగి, చివరికి ఆయనే సరేనన్నారు.

వదిన మాత్రం ఆడపడుచుతో మాటలు మానేసింది. “నా రాజ్యం పోగొట్టింది,” అని అన్నయ్యతో చెప్పి, గోడకేసి తిరిగి పడుకుంది.

మార్చే రోజు అందరికన్నా ఆఖరున, చేతులు కట్టుకుని లిఫ్టు దిగింది. హాలు గుమ్మంలో ఆగిపోయింది. మూడు వైపులా కిటికీలు, వాటి నిండా ఎండ, ఎండకవతల సముద్రం. ఆడవాళ్ళంతా పని వదిలేసి కిటికీలకు అతుక్కుపోయారు. వాళ్ళలో ఒకావిడ, పడవ ఒకటి వెళ్తుంటే, అది కనుమరుగయ్యేదాకా ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

ఫోను మోగింది. ఆపరేషన్ గదికి గుడ్డలింకా రాలేదట. వదిన ఎత్తి, “పంపిస్తున్నామండీ. కాస్త ఆగండి, ఇక్కడ సముద్రం ఉంది,” అని పెట్టేసింది.

తర్వాత, యంత్రాలు సరిగ్గా దించారో లేదో చూస్తున్న ఇంజనీరమ్మ దగ్గరికొచ్చి గట్టిగా కావలించుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటిది జరగడం అదే మొదలు కాబట్టి ఇంజనీరమ్మకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ముందే చెప్పొచ్చుగా, ఇలా ఉంటుందని,” అంది వదిన.

“నువ్వు మాట్లాడితేగా చెప్పడానికి.”

హాలును ఆనుకున్న డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. తన హాలు ఏమైపోయిందో చూద్దామని సూపరింటెండెంటు అప్పుడే పైకొచ్చి డాబా మీద అడుగుపెట్టారు. తీగ మీంచి ఊడిన దుప్పటి ఒకటి వచ్చి ఆయన్ని నిలువునా చుట్టేసింది. లోపల్నుంచి ఆయన నవ్వు వినబడేసరికి మిగతావాళ్ళూ ఆపుకోలేకపోయారు.

వదిన వెళ్ళి విడిపించి, “సారూ, ఇకనుంచి మీ మీటింగులు ఇక్కడ పెట్టుకోవాలంటే దుప్పటి కొస పట్టుకునే మాట్లాడాలి,” అంది.

ఆయన బుద్ధిగా రెండు కొసలూ పట్టుకున్నారు. మిగతా రెండూ వదిన పట్టుకుంది. మడత పెట్టడం మొదలైంది.