నలభై అయిదు నిమిషాల దూరం

నేను ఒక రేకు బోర్డును. నా ఒంటి మీద మూడు వరసల రాత ఉంది: ‘రాళ్లగెడ్డ నుంచి మొగలిలంక. దూరం 214 కిలోమీటర్లు. ప్రయాణం 45 నిమిషాలు.’ ఈ రెండూ విమానాశ్రయాలే, నమ్మండి. ఒకటి కొండల నడుమ, ఇంకొకటి సముద్రం ఒడ్డున. రెండింటిలోనూ విమానాల కంటే మేకలే ఎక్కువ తిరుగుతాయి.

నాతోపాటు కత్తిరించిన రేకుముక్క నూనెడబ్బాకు మూత అయింది. నేను కొలువులో చేరాను. దూరం కొలిచినవాడు రాళ్లగెడ్డ విమానాశ్రయం మేనేజరు కామేశం. పటం మీద స్కేలు పెట్టి గీత గీశాడు. కొండలూ మంచూ ఆ స్కేలుకు అడ్డం రాలేదు.

కామేశానికి ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లిచూపులకు వెళ్లి ఒంటరిగా తిరిగి రావడం అతనికి అలవాటే. ఈసారి సంబంధం మొగలిలంకది. అమ్మాయి త్రిపురసుందరి, బళ్లో లెక్కల టీచరు. చూపులు సాయంత్రం నాలుగింటికి. విమానం పొద్దున్న పదింటికే.

ఆరింటికి మొగలిలంక బస్సు గేటు ముందు ఆగింది. డ్రైవరు సన్నేసి తల బయటపెట్టాడు.

“బాబూ, ఎక్కీండి. మూడింటికల్లా దింపీస్తాను.”

“నలభై అయిదు నిమిషాల పనికి తొమ్మిది గంటలు నీ బస్సులో కుదేలవ్వాలా?” అంటూ కామేశం నన్ను చూపించాడు.

“ఆ రేకు రాయించినోడు ఎప్పుడైనా ఇమానం ఎక్కినాడేటి?” అని గేరు మార్చాడు సన్నేసి.

పన్నెండింటి దాకా మంచు కరగలేదు. తర్వాత రన్‌వే మీంచి ఎద్దును తోలడానికి గంట. ఎట్టకేలకు విమానం దిగితే దాని తలుపు పడలేదు. నాలుగింటికి త్రిపురసుందరే ఫోన్ చేసింది.

“ఎక్కడున్నారండీ?”

“నలభై అయిదు నిమిషాల్లో ఉంటానండీ.”

అయిదింటికీ అదే మాట. ఆరింటికీ అదే.

“మూడుసార్లు అడిగినా ఒకటే జవాబు. మా బళ్లో అయితే సున్నా వేసేదాన్ని” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చీకటి పడుతోందని విమానం రద్దు చేశారు. కామేశం నా కింద చతికిలబడి ముఖం మీది పౌడరు తుడుచుకున్నాడు. నాకు జాలేసింది. రేకుకు జాలి ఉండదనుకునేది మనుషులే.

మరుసటి ఆదివారం సన్నేసి బస్సులోంచి త్రిపురసుందరి దిగింది, ఒళ్లంతా దుమ్ముతో, వెనకాల నడుము పట్టుకున్న పిన్నితో.

“ఆ బోర్డేదో చూసిపోదామని వచ్చాను.”

నన్ను రెండుసార్లు చదివింది. సంచీలోంచి సుద్దముక్క తీసి మూడో వరస చివర ఒక్క మాట రాసింది: ‘ఎగిరితే’.

“ఇప్పుడు లెక్క సరిపోయింది.”

కామేశం పకపకా నవ్వాడు. తర్వాత భయంగా అడిగాడు: “మరి నా సంగతండీ?”

“ఇంకా మార్కులు వెయ్యలేదు. ముందు మంచినీళ్లివ్వండి.”

మర్నాడు కామేశం ఆ సుద్దరాత మీద తెల్లరంగు దిద్దాడు. నెల తిరక్కుండా తనిఖీకి పెద్ద అధికారి వచ్చాడు.

“ఈ వెటకారం ఎవరిది?”

ఏ తప్పునైనా పెయింటరు మీదికి తోసే కామేశం ఈసారి, “నాదేనండి” అన్నాడు.

అబద్ధం మోసినన్నాళ్లూ గోడ మీద ఉన్నాను. నిజం ఎక్కగానే విరిగిన కుర్చీల గదిలో పడ్డాను. ఇక్కడ ఊడ్చే గౌరమ్మే నాకు వార్తాపత్రిక. కామేశం పెళ్లి మొగలిలంకలో ఖాయమైందట. పెళ్లికొడుకు రెండురోజుల ముందే బస్సెక్కేశాడట.