ఓడిపోని జట్టు

దక్షిణ ఐడహోలోని మా కాలేజీ ఊళ్ళో నేను రేడియోలో అమెరికన్ ఫుట్‌బాల్ వ్యాఖ్యానం చెప్పేవాణ్ణి. నా పేరు వెర్న్ హాల్వర్సన్. అప్పటికే నా భార్య నన్ను వదిలి వెళ్ళిపోయింది. శనివారం ఆట ఉంటే ఊరంతా నా మాట వినేది. ఆదివారం పొద్దున కాఫీ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే పలకరించే దిక్కుండేది కాదు. అందుకేనేమో, ఎనభై మూడు శీతాకాలంలో డొమినిక్ ఉరియార్టె పడ్డ బాధ నాకు ఇట్టే అర్థమైంది.

డొమినిక్‌ది స్పెయిన్ కొండల నుంచి వచ్చిన, గొర్రెల మందలున్న బాస్క్ కుటుంబం. జట్టుకు కెప్టెన్, ఆటలో సెంటర్. బంతి మీదికి వంగి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించి, ఆ క్షణంలోనే ఎదుటివాడి దెబ్బకు అడ్డం నిలబడే పని అతనిది. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళ పేర్లు నేను గొంతు చించుకుని అరిచేవాణ్ణి. అతని పేరు అరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు మా జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు.

కొత్త సంవత్సరం రోజుల్లో దక్షిణాది వెచ్చటి నగరాల్లో బౌల్ అనే పెద్ద ఆటలు జరిగేవి. వాటికి ఏ జట్లను పిలవాలో ఆ నగరాల పెద్దమనుషులే కూర్చుని తేల్చేవాళ్ళు. ఆ తర్వాత దేశంలో మొదటి జట్టు ఏదన్నది పత్రికలవాళ్ళూ కోచ్‌లూ ఓట్లేసి చెప్పేవాళ్ళు. చిన్న కాలేజీలకు మాత్రం ప్లేఆఫ్స్ ఉండేవి. గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. మేం పెద్ద కాలేజీల్లో అన్నిటికంటే చిన్నవాళ్ళం, అందువల్ల మాకు ఆ దారి లేదు.

నవంబర్‌లో చివరి ఆటకు ఒక బౌల్ తరఫున పసుపు కోట్లు వేసుకుని ముగ్గురు వచ్చారు. మా గొర్రె మాంసం కూర రెండోసారి వడ్డించుకుని తిన్నారు. ఆట అయ్యాక వాళ్ళలో ఒకాయన డొమినిక్ భుజం తట్టి, "ఈత వచ్చా కుర్రాడా? సముద్రం మా హోటల్ గుమ్మంలోనే ఉంటుంది" అన్నాడు. ఆ మాటకు ఊరు ఊరంతా సూట్‌కేసులు దులిపింది. డొమినిక్ వాళ్ళమ్మ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. పూల చొక్కా ఒకటి కొనుక్కుంది.

పిలుపు రావాల్సిన ఆదివారం జట్టంతా వ్యాయామశాలలో బెంచీల మీద కూర్చుంది. నేను మైకు పట్టుకుని తలుపు పక్కన ఉన్నాను. లోపల ఆఫీసులో ఫోన్ మోగింది. కోచ్ మేబ్రీ బయటికి వచ్చేసరికి ఆయన ముఖం చూసి నేను మైకు ఆపేశాను.

"మనల్ని పిలవలేదురా. మూడు ఆటలు ఓడిన వాళ్ళని పిలిచారు" అన్నాడు.

ఎవడో వెనక నుంచి, "ఎందుకట?" అన్నాడు.

"వాళ్ళ వెనక నలభై వేలమంది వస్తారంట. హోటళ్ళు నిండుతాయంట. మన ఊరు మొత్తం ఎక్కించుకుపోయినా రెండు హోటళ్ళు నిండవు."

"వాళ్ళు మనకంటే బాగా ఆడతారా కోచ్?" అని డొమినిక్ అడిగాడు.

"ఆడతారేమో. నాకు తెలీదురా. ఆ పసుపు కోట్ల వాళ్ళకీ తెలీదు. తెలుసుకోడానికేగా మైదానం ఉన్నది? మా అన్న కొడుకు హైస్కూల్లో చెస్ ఆడతాడు, వాడికి కూడా ఫైనల్ ఉంది. మీకు లేదు. నన్ను ఏం చెప్పమంటారు?" అని మేబ్రీ టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

ఎవరూ ఏడవలేదు. ఓడిపోతే ఎలా ఏడవాలో కుర్రాళ్ళకు తెలుసు, ఇది ఓటమి కాదు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. బెంచీలు మడిచి గోడకు చేర్చింది డొమినిక్కే.

వారం తిరక్కుండానే సెలవులకు హాస్టల్ ఖాళీ అయింది. నేను రేడియో స్టేషన్‌కు నడిచి వెళ్తుంటే మైదానంలో ఒక్కడే కనిపించేవాడు. మంచు పక్కకు తోసి, వంగి, వెనకనున్న కంచెకు కట్టిన టైరులోకి బంతి విసిరి, వెళ్ళి తెచ్చుకుని, మళ్ళీ వంగేవాడు.

"ఇంటికి వెళ్ళవేంటోయ్?" అని అడిగాను ఒకరోజు.

"రేపు వెళ్దామని రోజూ అనుకుంటున్నా సార్. వెళ్తే అయిపోయినట్టేగా. అయిపోయిందని ఎవరూ చెప్పలేదు మరి." చేతులు ఊదుకున్నాడు. "శనివారం మాంటానాలో మా తమ్ముడికి ప్లేఆఫ్ ఆట ఉంది. వస్తారా? ఒక్కణ్ణే అంత దూరం నడపలేను."

నాకూ వేరే పనేం లేదు.

తమ్ముడు జూలియన్ అక్కడొక చిన్న కాలేజీలో ఆడేవాడు. డొమినిక్ పాత ట్రక్కులో హీటరు సగమే పనిచేసేది. కనుమ దాటాక అడిగాడు: "మేం దేశంలోకెల్లా గొప్ప జట్టని రేడియోలో చెప్పారు కదా. నిజంగా అనుకునే చెప్పారా?"

"అనుకునే చెప్పాను."

"నేనూ అనుకున్నా. ఇప్పుడు పక్క మీద పడుకుంటే, ఆ మూడు ఆటలు ఓడినవాళ్ళు నా కలలోకొచ్చి మమ్మల్ని చితక్కొట్టేస్తున్నారు సార్. రెండోరోజు మేం వాళ్ళని కొడుతున్నాం. ఏదో ఒకటి ఖాయం చెయ్యండ్రా బాబూ అనిపిస్తోంది."

మాంటానాలో ఆట బురదలో జరిగింది. బెంచీల మీద నాలుగు వేలమంది కూడా లేరు. ఆఖరి నిమిషంలో జూలియన్ జట్టు మూడు పాయింట్ల ముందుంది. అవతలి జట్టు ఆశలన్నీ ఒకే ఒక పొడవాటి విసురు మీద పెట్టింది. జూలియన్ కాపు కాస్తున్న ఆటగాడు అతని వెనకగా దూసుకుపోయి, బంతి అందుకుని గీత దాటి ఆరు పాయింట్లు కొట్టేశాడు. అంతే. ప్లేఆఫ్ ముగిసింది.

జూలియన్ బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. జట్టువాళ్ళు వచ్చి మీద పడి వాటేసుకున్నారు. ఆ బంతి పట్టినవాడు కూడా వెనక్కి వచ్చి, చెయ్యిచ్చి లేపాడు. మేం కంచె దాకా వెళ్ళాం.

"పట్టుకోలేకపోయా అన్నా," అన్నాడు జూలియన్, ముక్కు చీదుకుంటూ. "వాడు నాకంటే వేగం. మొదట్లోనే తెలిసింది. అయినా పట్టుకుంటాననుకున్నా."

"బాగా ఆడావురా."

"ఓడిపోయాం కదన్నా!"

"ఊఁ. ఓడిపోయారు," అన్నాడు డొమినిక్. ఆ మాట అన్న తీరు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పెద్ద పండగనాడు పక్కింటి కిటికీలోంచి లోపలికి చూసేవాడి గొంతు అది.

తిరిగొచ్చే దారిలో కాఫీ కోసం ఒక హోటల్ దగ్గర ఆగాం. అతను కప్పు ముట్టుకోలేదు. "వాడు ఈ రాత్రి నిద్రపోతాడు సార్," అన్నాడు. తర్వాత బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు, ఆ నెలలో మొదటిసారి. వడ్డించే ఆవిడ నా వైపు చూసింది. "ఎవరైనా పోయారా?" అంది. నేను అవునన్నట్టు తల ఊపాను.

మర్నాడు హాస్టల్ గది ఖాళీ చేసి గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. బౌల్ ఆటను వాళ్ళింట్లో టీవీలో ఎవరూ పెట్టలేదట. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళై పట్నాలకు చేరారు. భార్య ఆరేళ్ళ క్రితం పోయింది. మేబ్రీ కూడా పోయాడు. చాలా ఏళ్ళకు పెద్ద కాలేజీలకూ ప్లేఆఫ్స్ వచ్చాయి, మొదట నాలుగు జట్లతో, ఆ తర్వాత మరికొన్నిటితో. మొదటి ఏడాది కాగితం మీద నాలుగోదిగా ఉన్న జట్టే అందరినీ ఓడించింది. మర్నాడు పొద్దున్నే నేను డొమినిక్‌కు ఫోన్ చేశాను.

"చూశావా?"

"చూశా సార్. పాత పద్ధతైతే ఆ కుర్రాళ్ళని గుమ్మం కూడా తొక్కనిచ్చేవాళ్ళు కాదు. మంచి పని జరిగింది." వెనక గాలి వినిపిస్తోంది. "మా జూలియన్ కబురు తెలుసా? ఆ రోజు వాణ్ణి దాటి బంతి పట్టాడే, వాడు ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేస్తాడు. ఇద్దరూ కలిసి చేపల వేటకు కూడా వెళ్తారు. ఆ ఒక్క బంతి గురించి ముప్పై ఏళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నారు."

"నిజంగానా?"

"నిజం. నాకలా తిట్టుకోడానికి అవతల ఎవడూ లేడు కదా." నవ్వాడు. "సరే సార్, ఈనే గొర్రెలున్నాయి. వెళ్ళాలి."

నేను ఇంకేదో అనబోయాను. అప్పటికే ఫోన్ పెట్టేశాడు.