మూత లోపలి తేదీ

వీధిలో ఎవరింట్లో కరెంటు పోయినా టెస్టరు పట్టుకుని నాన్న ప్రత్యక్షం. ఎలక్ట్రీషియనుగా ముప్పై ఏళ్ల అనుభవం మరి! ఆ అనుభవం తలుచుకుంటేనే పెద్దకూతురికి ఒళ్లు మండేది.

పంతొమ్మిదేళ్ల చెల్లెలు ఒక పొద్దున, "నాన్నా, నా గదిలో స్విచ్‌బోర్డు నన్ను తిడుతోంది" అంది. ఏ తండ్రయినా పిల్ల మొహంలోకి చూస్తాడు. ఈయనగారు బోర్డులోకి చూశాడు! "లూజు కనెక్షనమ్మా, గుయ్యిమంటోంది" అని తేల్చి, కొత్త బోర్డు బిగించి, అలవాటు ప్రకారం మూత లోపల పెన్సిల్‌తో తేదీ వేశాడు. తర్వాత ఫ్యాను మార్చాడు. ఆపైన గదంతా కొత్త వైరింగు. చెల్లెలు కాలేజీ మానేసింది, చెవుల్లో దూది కుక్కుకుంది, నాన్న మాత్రం ఎర్తింగు సరిచూస్తూనే ఉన్నాడు.

అమ్మది ఇంకో ఘనకార్యం. "పరీక్షల బెంగే, అదే పోతుంది" అంటూ, ఎవరైనా చూస్తారని ఆ గది తలుపు దగ్గరగా వేసేది. మేనత్తయితే ఫోన్లోనే వైద్యం చేసేసింది: "సెల్లు లాక్కోండి, దెబ్బకి దారికొస్తుంది." ఆవిడ మోకాలికి మాత్రం ముగ్గురు డాక్టర్లు కావాలి!

చెల్లెలు రెండు రోజులు అన్నం ముట్టకపోయేసరికి అక్క అందరినీ ఆసుపత్రికి లాక్కుపోయింది.

"ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఓ పది రోజులండీ" అంది అమ్మ.

ఇలా బొంకుతుందని అక్కకి తెలుసు. పొద్దున్నే విప్పి తెచ్చిన బోర్డు మూతను సంచిలోంచి తీసి బల్లమీద టప్పున పెట్టింది. నాన్న చేతిరాతే. ఏడు నెలల కిందటి తేదీ. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. నాన్న తల దించుకున్నాడు. అక్కకి కసి తీరింది.

"మొదటి వారాల్లోనే తెచ్చుంటే తొందరగా తేరుకునేది. ఇప్పుడూ తగ్గుతుంది, కాకపోతే టైము పడుతుంది" అని, డాక్టరమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "ముందు ఎవరికి చెప్పావమ్మా?"

"అక్కకి" అంది చెల్లెలు మెల్లగా. "ఈ తేదీకి నెల ముందే. పడీపడీ నవ్వింది. నాన్నకి చెప్పు, బాగుచేస్తాడంది."

డాక్టరమ్మ ఏడు కొట్టేసి ఎనిమిది వేసింది.

అందరినీ కడిగిపారేసిన అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఏమని తిడుతోందే అది?" అని అడిగింది.

ఆ ఇంటివాళ్లు ఆ మాట అడగడం అదే మొదటిసారి.