బొటనవేలు చెప్పిన లెక్క

ట్యాంకులోకి గొట్టం ఇంకా దించుతూనే ఉన్నాడతను. గొట్టం మూతికి బిగించిన రబ్బరు పొర బొటనవేలి కింద గబగబా అదురుతోంది. మరో జానెడు దిగాక అదురు మందగించింది. కొస హీలియం ద్రవాన్ని తాకిందన్నమాట.

"మీటరు పన్నెండు గంటలు వస్తుందంటోంది బాబాయ్," అంది పరిశోధన చేసే అమ్మాయి.

"దానికేం, అంటుంది. ఏడు గంటలు దాటదు తల్లీ. ఇప్పుడు తొమ్మిదయింది. నాలుగింటికల్లా ఖాళీ."

ల్యాబులో అందరికీ అతను బొటనవేలు బాబాయే. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, ఇరవై రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఈ చలిని కాపలా కాస్తున్నాడు. చలికి కాలి, పొట్టు లేచి, మళ్ళీ చర్మం మొలిచిన వేళ్ళు. 'నువ్వు ఇంటికొస్తే ఫ్రిజ్ తలుపు తెరిచినట్టుంటుంది' అంటుంది భార్య.

ఇదే చివరి ట్యాంకు. వచ్చే నెల తనంతట తనే చల్లబడే మిషను వస్తోంది. దానికి హీలియం పొయ్యక్కర్లేదు, పోసే మనిషీ అక్కర్లేదు.

అమ్మాయి పెద్దసారుకు ఫోన్ చేసింది. "మీటరుకన్నా వాడి వేలు గొప్పదా? ఐదింటికి నిధులిచ్చేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందే మొదలుపెట్టాలి," అని పెట్టేశాడాయన.

 ఆ చలిలో ఉన్నది ఆమె మూడేళ్ళ కష్టం. కంటికి ఆనని బంగారు తీగ, దానికి అటూ ఇటూ సీసం ముక్కలు. హీలియం అయిపోయి ఒకసారి వేడెక్కితే అతుకు చెడిపోతుంది. ఇంకోటి చేసే గడువు లేదు.

"ఇంతకీ ఏం చేస్తుందమ్మా నీ బంగారం?"

"ఇంత చలిలో సీసంలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది బాబాయ్. బంగారానికి సొంతంగా ఆ గుణం లేదు. సీసాన్ని ఆనుకుని ఉంటే కొంత మేర దానికీ వస్తుంది."

"సీసం దగ్గర బంగారం చదువుకోడమా! చోద్యం. మరి దూరం జరిపితే?"

"మళ్ళీ మామూలే."

అతను గడియారం చూశాడు. "సారు సంగతి తర్వాత. కానివ్వు."

అన్నీ సిద్ధం చేసుకుని పన్నెండింటికి ఆమె మొదలుపెట్టింది. రెండూ నలభైకి తెరమీద బంగారంలోని అడ్డును చూపే గీత జారి జారి సున్నాకు అతుక్కుంది. ఆమె అతని మోటు చేతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది. నాలుగు కొట్టేసరికి ట్యాంకు అడుగంటింది.

ఐదింటికి పెద్దసారు ఇద్దరు అతిథులతో వచ్చాడు. వాళ్ళ ముందు మళ్ళీ చేసి చూపించడానికి హీలియం లేదు.

"పన్నెండు గంటల హీలియం ఏమైంది? నేను రాకుండా ఎవరు మొదలుపెట్టమన్నారు?"

ఆమె పెదవులు కదిలాయి. ఆమె పట్టాకి ఆయన సంతకమొక్కటే తక్కువ. చూపు తెరమీదినుంచి తిప్పలేదు.

అతను ఆమెను చూసి, ఒక అడుగు ముందుకొచ్చాడు. "నేనే సార్. వాల్వు సరిగ్గా బిగించలేదు. అయిపోతోందని నేనే తొందరపెట్టాను."

"ఇన్నేళ్ళు మేపినందుకు మంచి బుద్ధే చూపించావు. రేపట్నుంచి రాకు."

"సరే సార్."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. ఆగితే ఆమె ఏమైనా అంటుందేమోనని పట్టీ మెల్లగా పెట్టుకున్నాడు. లోపల పెద్దసారు తెరమీది ఆ గీతను అతిథులకు వివరిస్తున్నాడు, "మా విజయం," అంటూ. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరు మనుషులు ఖాళీ ట్యాంకును దొర్లించుకుపోయారు. అది ఉన్నచోట నేల వాలు. ట్యాంకు జారకుండా చక్రం కింద బాబాయ్ ఎప్పుడో నాలుగు మడతలు పెట్టి దోపిన అట్టముక్క, మధ్యలో లోతుగా చక్రం అచ్చుతో, నేలమీద ఉండిపోయింది.